ఆఖరి బంతి

ఒంగోలు దగ్గర పల్లెలో బాప్టిస్టు సంఘం మాది. ప్రేమవిందు, కోత పండుగ, సెమీ క్రిస్మస్, ఎవరైనా పోతే ఆదరణ కూటం... ఏదొచ్చినా గాడిపొయ్యి దగ్గర పెత్తనం నాదే. మా అత్త తర్వాత తెడ్డు నా చేతికొచ్చింది.

కిలో బియ్యం ఎనిమిది మందికి, కిలో కోడికూర ఆరుగురికి. ఇదీ నా లెక్క. పాస్టరు అయ్యగారు "రెండొందల మంది వస్తారమ్మా" అంటే మూడొందల మందికి ఎసరు పెడతాను. ఆయన సంఘం పుస్తకంలో పేర్లు లెక్కేస్తారు. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ పుస్తకంలో ఉండరు కదా. ఉప్పు మాత్రం ఒక్క చెయ్యే వెయ్యాలి, కూరకు ఇద్దరు పెద్దలు పనికిరారు.

గుండిగలో అన్నం ఇంట్లో వండినట్టు వండితే చెడుతుంది. మెతుకు నలిపినప్పుడు నడుమ సన్నటి పలుకు తగులుతుండగానే గంజి వార్చెయ్యాలి. చాప మీద తెల్లగుడ్డ పరిచి, అన్నం గుట్టగా పోసి, పైన ఇంకో గుడ్డ కప్పితే ఆ ఆవిరికే పలుకు పోతుంది. పూర్తిగా ఉడికాక వార్చామా, జనం కూర్చునే వేళకు ముద్దే. ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందో మా చేతిలో లేదు మరి.

ఈమధ్య కుర్రాళ్లు "బఫే పెడదాం పెద్దమ్మా, పని తగ్గుతుంది" అంటున్నారు. నేను ఒప్పుకోను. మా తాతల కాలంలో ఊరి విందులకు మావాళ్లు పందిట్లోకి రాకూడదు. అందరూ తిన్నాక దూరంగా కూర్చుంటే పైనుంచి వేసేవారు. అలాంటివాళ్లను బంతిలో కూర్చోబెట్టి, "ఇంకాస్త వేయించుకో అన్నా" అని అడిగింది మా సంఘం గుడిలోనే. ఆ మాట అనడానికి ఎదురుగా మనిషి కూర్చుని ఉండాలి.

మా దగ్గర ఏ సంఘం, ఏ మతం అని అడగం. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని మా జనానికి కూలి పెట్టాడు. కరువు సాయం నడిచినంతకాలం, కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని, బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం వేరు, విశ్వాసం వేరు అని ఆయనకే తెలిసినప్పుడు నాకు తెలియదా?

మంచం పట్టిన ముసలివాళ్లకు మెత్తటి ముక్కలు ఏరి ముందే క్యారేజీలు పంపిస్తాం. వండినవాళ్లది ఆఖరి బంతి. అప్పటికి కూరలో ముక్కలు వెతుక్కోవాలి, అయినా అన్నం మాత్రం చాలకపోకూడదు.

మగవాళ్లకు ఒక మాట. వడ్డించడానికి బకెట్లు పట్టుకుని అందరూ వస్తారు, నలుగురికీ కనిపిస్తారు కాబట్టి. గుండిగలు తోమేచోట ఆడవాళ్లమే మిగులుతాం. వచ్చే కోత పండుగకైనా చొక్కా చేతులు మడుచుకుని ఇటు రండి. బూడిద, కొబ్బరిపీచు మేమే ఇస్తాం.