గెడ్డ మీద వంతెన, బోల్టు తల మీద అంకె

ఈసారి లెక్కల పోస్టు. కొంచెం పొడుగే, అయినా ఐటీఐ, పాలిటెక్నిక్, బీటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆఖరిదాకా చదవాలి.

మా ఊరి గెడ్డ మీద ఊరివాళ్లే చందాలేసుకుని ఇనప నడక వంతెన కడుతున్నారు. వానాకాలంలో డోలీ మోసుకుని గెడ్డ దాటడం అంటే ఏంటో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. షాపులో రెండు రకాల 16 ఎంఎం బోల్టులు చూపించారు. ఒకదాని తల మీద 8.8 అని ఉంది. ఇంకోదాని మీద ఏమీ లేదు, రేటు మాత్రం సగం. "అన్నీ ఇనుమే బాబూ" అన్నాడు షాపాయన. ఊరి పెద్దాయన మా నలుగురి వైపు తిరిగి, "చదువుకున్నోళ్లు కదరా, ఏది ఆగుతాదో మీరే చెప్పండి" అన్నాడు.

8.8లో మొదటి అంకెని 100తో గుణిస్తే 800. చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల దాకా లాగినా తెగదని. రెండో అంకె, అందులో 0.8 వంతు దగ్గర, అంటే 640 దగ్గర, బోల్టు సాగి ఇక వెనక్కి రాదని. 4.6 అయితే 400, 240.

తిరకాసు ఇక్కడే. ఇదంతా లాగుడు బలం. మన వంతెనలో బోల్టుని పొడుగునా ఎవరూ లాగరు. ఒక ప్లేటు స్తంభానికి, ఇంకోటి దూలానికి ఉంటాయి. బరువు పడితే దూలం ప్లేటు కిందికి జారబోయి బోల్టుని కత్తెరలా కోస్తుంది. అదే షియర్. దాని అంకె తల మీద ఉండదు, మనమే లెక్క కట్టుకోవాలి.

సాగే గుణమున్న ఉక్కుని లాగినా సరే, లోపల పొరలు ఒకదాని మీద ఒకటి జారే సాగుతుంది. అందుకే రెండు బలాలకీ చుట్టరికం ఉంది. 1913లో ఫాన్ మీసెస్ ఇచ్చిన సూత్రం ప్రకారం షియర్ అంటే లాగుడులో రూట్ 3వ వంతు, అంటే 0.577. మన ఐఎస్ 800:2007 కోడ్ కూడా ఇదే వాడుతుంది. నోటి లెక్కకి 0.6 అనుకోండి. కానీ 10.9 లాంటి గట్టి బోల్టులు తక్కువ సాగుతాయి. మరలు కోత పడేచోట ఉంటే వాటికి యూరప్ కోడ్ 0.5 మాత్రమే ఇస్తుంది. పోత ఇనుముకి ఈ లెక్క అసలు వాడకండి.

ఇప్పుడు 16 ఎంఎం 4.6 బోల్టు. 400ని 0.577తో గుణిస్తే 231. మరలున్న చోట వైశాల్యం 157 చదరపు మిల్లీమీటర్లు. గుణించి, కోడ్ చెప్పిన 1.25తో భాగిస్తే 29 కిలోన్యూటన్లు, దాదాపు మూడు టన్నులు. అదే నున్నటి భాగం మీద కోత పడితే వైశాల్యం 201, బలం 37 కిలోన్యూటన్లు. బోల్టు పొడుగు సరిగ్గా ఎంచుకుంటే చాలు, నాలుగో వంతు పైగా బలం ఊరికే వస్తుంది! ఇది మాకు ఏ ల్యాబ్‌లోనూ ఎవరూ చూపించలేదు.

డోలీతో ఆరేడుగురు ఒకేచోట నడిచినా అర టన్ను దాటదు. మరి గుర్తు లేని బోల్టు కూడా ఆగుతుంది కదా అని మాలోనే ఒకడు వాదించాడు. ఆగొచ్చు. కానీ లెక్క మొదలవ్వాలంటే ఆ 400 కావాలి కదా, గుర్తు లేనిదానికి అదే లేదు. పైగా నాలుగు బోల్టులు బరువుని సమానంగా పంచుకోవు, తుప్పు కూడా పడుతుంది. పెద్దాయనకి అదే చెప్పాం: "తాతా, ఇది గట్టిదో కాదో మాకే కాదు, అమ్మినోడికీ తెలీదు."

4.6 చాలు, కానీ షాపులో గుర్తున్నవి 8.8 మాత్రమే దొరికాయి. అవే కొన్నారు. వంతెన మొదలెట్టే రోజు మేకకి దాచిన డబ్బులు అటు పోయాయి. కుర్రాళ్లకి కోపంగానే ఉంది.

వచ్చే ఆదివారం బిగింపు. వచ్చేవాళ్లు 24 నంబరు స్పానర్ ఉంటే పట్టుకురండి, మా దగ్గర ఒక్కటే ఉంది.