మిక్సీ ప్లగ్గు

రాత్రి గాలివానకి మా మైలవరంలో కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది. పొద్దున్నే చూస్తే మా పెద్దదాని లాప్‌టాప్ ఉలకదు, పలకదు. మా ఊరి ఇంజినీరింగ్ కాలేజీలోనే చివరి ఏడాది అది. పదింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ! రిపేరుకి బెజవాడ వెళ్ళే టైమేదీ?

తమ్ముడికి ఫోన్ చేశా. "అక్కా, ఛార్జర్ తీసేసి పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టు. లోపల మిగిలిన కరెంటు పోతుంది. మళ్ళీ ఛార్జర్ పెట్టి ఆన్ చెయ్" అన్నాడు. కుక్కర్ విజిల్స్‌లా లెక్కపెట్టా. ఊహూఁ. పిల్ల కళ్ళల్లో నీళ్ళు.

"ఆ ప్లగ్గులో రాత్రి నా దోమల మెషినూ వెలగలేదే అమ్మాయ్" అన్నారు అత్తగారు, తాపీగా!

పరుగున వంటింట్లో మిక్సీ ప్లగ్గుకి పెట్టాం. ఛార్జింగ్ లైటు వెలిగింది. ఇడ్లీ పాత్ర పక్కకి జరిపి, అక్కడే ఇంటర్వ్యూ. నేను పెరట్లో చప్పుడు చెయ్యకుండా రోట్లో పచ్చడి నూరుతూ కూర్చున్నా.