ఆ అంకెలు ఎవురివి?

మాది కోలారు జిల్లా, ముళబాగిలు పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. ఇది చదువుతున్న మీ ఇండ్లల్లో కన్నడం ఉండాల్సిన చోట తమిళమో ఒడియానో మరాఠీనో ఉంటుంది, అంతే తేడా. ఇక్కడ మేము అంటే అక్కాచెల్లెళ్ళము, పెదనాన్న చిన్నాన్న బిడ్డలము. పెద్దది కన్నడ మీడియంలో చదివి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తుంది, ముప్పై మూడేండ్లు. చిన్నది ఇంగ్లీషు మీడియం. పోయిన ఏడు సైకాలజీ డిగ్రీ ఆఖరి సెమిస్టరులో డిసర్టేషన్ రాసింది. రాసింది చిన్నదే అయినా నాలుగు నెలలు ఇల్లంతా దాని చుట్టే తిరిగింది కాబట్టి మేము అనే చెప్తాము.

మొదట పెట్టుకున్న విషయం, కర్ణాటకలోని తెలుగు కుటుంబాల భాషా గుర్తింపు, మానసిక ఆరోగ్యం. వినడానికి గొప్పగా ఉంది. గైడ్ మేడమ్ రెండు నిమిషాలు చదివి ఒకటే మాట అడిగినారంట, "ఇందులో నువ్వు కొలిచేది ఏది?" చిన్నది ఏడ్చుకుంటా ఫోన్ చేసింది. మాలో పెద్దదానికి ఆ ప్రశ్న రోజూ ఉండేదే. "యాప్ బాగా పని చేయాలి" అని రాసిస్తే దాన్ని ఎట్లా టెస్ట్ చేసేది? ఏది నొక్కితే ఏది రావాలో చెప్పాలి కదా.

కొలిచేది చివరికి ఓటీపీ దగ్గర దొరికింది. గ్యాస్ బుకింగుకు ఆరంకెలు వచ్చినాయి. పెద్దది వాటిని లోపల కన్నడంలో చెప్పుకుంటా ఉంది, చిన్నది ఇంగ్లీషులో. ఇద్దరం తెలుగులోనే మాట్లాడుకుంటా ఉన్నాము, అంకెలు మాత్రం తెలుగులో లేవు! బడిలో ఎక్కాలు ఏ భాషలో నేర్చుకుంటే లెక్క ఆ భాషలోనే ఉండిపోతుంది. అది మాకు అప్పటిదాకా తోచనే లేదు.

వెతికితే దీని మీద పాత పని చాలానే ఉంది. మనిషికి ఒక్కసారి వింటే ఏడు దాకా, రెండు అటూ ఇటూ, గుర్తుంటాయని జార్జ్ మిల్లర్ 1956లో రాసినాడు. పొట్టి పదాలు పొడుగు పదాలకన్నా ఎక్కువ గుర్తుంటాయని, పలకడానికి పట్టే సమయం దానికి కారణమని బాడ్లీ, తోటివాళ్ళు 1975లో చూపించినారు. 1980లో ఎల్లిస్, హెన్నెలీ అనే ఇద్దరు వేల్స్‌లో రెండు భాషలూ వచ్చినవాళ్ళను పరీక్షించినారు. వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి వెల్ష్‌లో తక్కువ అంకెలు గుర్తున్నాయి. అంటే వెల్ష్ పిల్లలకు మార్కులు తగ్గితే తెలివి తగ్గినట్టు కాదు, పదాలు పొడుగు. ఇది చదివి మేము వేళ్ళు మడిచి లెక్కపెట్టినాము. ఒకటి నుంచి తొమ్మిది దాకా తెలుగులో ఇరవై మూడు అక్షరాలు పలకాలి, కన్నడంలో ఇరవై, ఇంగ్లీషులో పదే. మన ఎనిమిదికే నాలుగు! కన్నడం 'ఎంటు' రెండుతో ముగుస్తుంది.

ప్లాను ఇట్లా కుదిరింది. చదువుకున్న చుట్టాలు పద్దెనిమిది మంది, మూడు భాషలూ. బడికి పోని పెద్దోళ్ళు ఆరుగురు, తెలుగు, కన్నడం మాత్రమే. సెకనుకు ఒక అంకె చొప్పున చదవాలి, మూడుతో మొదలు, ఒక పొడుగులో రెండుసార్లూ తప్పితే అక్కడికి ఆపాలి. ముందు ఏ భాష అనేది మనిషి మనిషికీ మార్చాలి, లేకపోతే ఆఖరి భాషకు అలసట అంటుకుంటుంది. ఏమి వస్తుందని అనుకుంటున్నామో, ఎవరిని లెక్కలోంచి తీసేస్తామో, అన్నీ ముందే రాసి మేడమ్‌కు ఇచ్చినాము. ఎవరైనా డిసర్టేషన్ రాస్తుంటే ఇది మాత్రం చేయండి. ఫలితం చూసినాక మనసు ఎన్ని కథలైనా అల్లుతుంది.

సమ్మతి పత్రం దగ్గర చిక్కు వచ్చింది. తెలుగులో రాయాలి. మాకు తెలుగు అక్షరాలు సరిగ్గా రావు (ఇది కూడా తడుముకుంటానే రాస్తున్నాము). రాసినా చదివేవాళ్ళు లేరు. అందుకని తెలుగు మాటలనే కన్నడ అక్షరాల్లో రాసినాము. మామయ్యకు పెండ్లిపత్రికలో తప్ప ఇంట్లో మాట్లాడే భాష కాగితం మీద కనబడటం అదే మొదటిసారంట, నవ్వుకుంటా రెండుసార్లు చదివినాడు. చదవలేని పెద్దోళ్ళకు మేమే చదివి వినిపించినాము. అందులో ఒక వాక్యం, "ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, తప్పుకోవచ్చు."

ఆరో మనిషి మా అవ్వ. వసారాలో అనపగింజలు పితుకుతా కూర్చుంది. మూడంకెలు చెప్పింది, నాలుగు కష్టం మీద చెప్పింది, అయిదు రెండుసార్లూ తప్పింది. చిన్నది నియమం ప్రకారం ఆపేసింది. అవ్వ చేతిలో పని ఆగిపోయింది.

"నాకు మతి పోతా ఉండాదా?"

కాదవ్వా అన్నాము. నమ్మలేదు. ఆ రాత్రి పొయ్యి ఆర్పినామా అని మూడుసార్లు అడిగింది. పొద్దున్నే పిలిచి, "మీ పుస్తకంలో నా లెక్క తీసేయండి" అనింది.

అప్పుడు మాలో మాకు గొడవ. పెద్దోళ్ళు ఆరుగురే, ఒకరు పోతే అయిదు, ముందు తెలుగు పెట్టినవాళ్ళు ముగ్గురు, కన్నడం పెట్టినవాళ్ళు ఇద్దరు, సగం సగం కుదరదు. పెద్దది అనింది, "పేరు ఎట్లాగూ రాయము, ఉంచేయి, ఎవరికి తెలుస్తుంది?" టెస్టింగులో ఫెయిల్ అయిన కేసు దొరికితే పండగ, దాన్ని ఎవరైనా పారేస్తారా? చిన్నది ఒప్పుకోలేదు. "చదివి వినిపించింది మనమే కదక్కా" అని ఎక్సెల్‌లో ఆ వరస తీసేసింది. పెద్దదానికి రెండు రోజులు ముఖం చెల్లలేదు.

సాయంత్రం చిన్నది అవ్వ పక్కన కూర్చుని, మన అంకెలు పొడుగు, అందుకే నోట్లో ఇరుక్కుంటాయని చెప్పింది. అవ్వ అదంతా విని అడిగింది, "అవును గానీ, ఆ అంకెలు ఎవురివి? ఊరికే ఏడు, రెండు, తొమ్మిది అంటే ఎట్ల గుర్తుంటాది? ఎవురికి బాకీ, ఏమిటికి బాకీ అని చెప్పాల్నా వద్దా?" అని, ఆ నెల పాల లెక్క మొత్తం చెప్పేసింది. ఏ రోజు రాలేదు, ఏ రోజు అర లీటరు ఎక్కువ, ఏ రోజు నీళ్ళు కలిపినాడు. కాలెండరులో గీతలు చూస్తే ఒక్కటీ తప్పు లేదు.

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అవ్వను అడిగి, పేరు లేకుండా, దాన్ని చర్చ అధ్యాయంలో పరిమితుల కింద రాసింది చిన్నది. బడిలో సొంతదారు లేని అంకెలు అప్పజెప్పడం అలవాటు చేస్తారు, బడికి పోనివాళ్ళకు ఆ పరీక్షే కొత్త అని. మేడమ్ ఆ పేరా పక్కన టిక్కు పెట్టినారు.

ఫలితం పెద్దగా ఏమీ లేదు. ఇంగ్లీషులో ఎక్కువమందికి ఎక్కువ గుర్తున్నాయి. తెలుగు, కన్నడం మధ్య తేడా ఉందనడానికి లేదు. కన్నడ మీడియం వాళ్ళు కన్నడంలో కొంచెం బాగా చెప్పినారు గానీ అది పదాల పొట్టితనమా బడి అలవాటా విడదీయలేకపోయినాము. భాషల తేడా రుజువు చేయాలని మొదలుపెట్టి, "తేల్చలేకపోయాము" అని రాసేటప్పుడు చిన్నదాని ముఖం చూడాల్సింది. రాత మాత్రం పద్ధతి అధ్యాయంతో మొదలుపెట్టడం మంచిదయింది, చేసింది చేసినట్టు రాస్తే చాలు. ముందుమాట ఆఖర్న, రెండు రాత్రుల్లో.

పాల్గొన్నవాళ్ళ పేర్లు ఎక్కడా రాయకూడదు. తప్పుకున్న అవ్వ పేరు మాత్రం కృతజ్ఞతల పేజీలో రాయొచ్చని మేడమే చెప్పినారు. బైండింగ్ అయినాక పల్లెకు తీసుకుపోయి ఆ వరస చూపించి చదివినాము. అవ్వ ఆ పేజీని అరచేత్తో తుడిచి, "పేరు రాసినారు సరే, ఇంకొకసారి అంకెలు అడగొద్దండి" అని లోపలికి పోయింది.