పులికాట్ వలలో పైప్‌ఫిష్

19 నవంబరు 2023, ఆదివారం, సూళ్లూరుపేట

శ్రీహరికోట రోడ్డు దిగువన పులికాట్ సరస్సు జాలర్లు వల దులుపుతున్నారు. రొయ్యలు ఒక బుట్టలోకి, చేపలు ఇంకో బుట్టలోకి, మిగిలిన నాచు ఒడ్డుకి. ఆ నాచులో పుల్లలాంటిది ఒకటి కదిలింది.

"ఇదేందన్నా?"

"తినేదానికి పనికిరాదు సార్, అంతా ఎముకే."

పైప్‌ఫిష్! దోసిట్లో నీళ్ళు పట్టి చూశాను. జానెడు కూడా లేదు. చర్మం కింద ఎముక వలయాలు, తడిమితే వాటి అంచులు వేలికి తగులుతున్నాయి. మూతి సన్నటి గొట్టం. తోక కింద చర్మం రెండు మడతలుగా మూసుకుని ఉంది, సందులో వరసగా గుడ్లు. అంటే మగది, నిండు చూలాలు! నీళ్ళలో వదిలితే గడ్డిలో దూరింది, మళ్ళీ కంటికి ఆనలేదు.

21 నవంబరు, తిరుపతి

ఏ జాతో తేల్చాలంటే వలయాలు లెక్కపెట్టాలి. మన దేశపు నదీముఖాల్లో ఉండే ఇక్థియోకాంపస్ కార్సే అనుకుంటున్నాను. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగ చేపల పుస్తకంలో వర్ణించిన జాతి అది.

పైప్‌ఫిష్ కుటుంబానికి పళ్ళు లేవు, జీర్ణాశయమూ లేదు. అందుకే మాటిమాటికీ మేత కావాలి. నలుసంత జీవులు దగ్గరికొచ్చేదాకా కదలకుండా ఉండి, చటుక్కున గొట్టంలోకి పీల్చేస్తాయి. ఆడది గుడ్లు మగదానికి అప్పగిస్తుంది. పిల్లలు బయటపడేదాకా వాటికి ప్రాణవాయువు అందించేది తండ్రే. ఒడ్డున ఒక మగది ఎండిందంటే ఒక కాన్పంతా పోయినట్టే.

10 డిసెంబరు, ఆదివారం

మిచౌంగ్ తుపాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు వానలు దంచేశాయి. కాళంగి నది నీళ్ళన్నీ పులికాట్‌లోకే. వానల్లో సరస్సు చప్పబడుతుంది, ఎండాకాలం సముద్రం కంటే ఉప్పనవుతుంది. ఈ పైప్‌ఫిష్ నదీముఖాల్లో పుట్టి పెరిగే చేప కాబట్టి ఉప్పు ఎక్కువతక్కువల్ని కొంత ఓర్చుకుంటుంది. గడ్డీ నీళ్ళూ లేకపోతే మాత్రం బతకలేదు. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసకతో పూడితే సముద్రపు పోటు లోపలికి రాదు, ఉత్తరపు భాగం వేసవిలో బీటలు వారుతుంది. పూడిక తీయమని జాలర్లు అడుగుతున్నది తమ వేట కోసమే అయినా, ఈ చేపకు కూడా అదే ఆధారం.

సముద్రపు గుర్రాలతో పాటు పైప్‌ఫిష్‌లనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆ మాట రేవు దాకా చేరాలి. అన్నలారా, వల దులిపేటప్పుడు పుల్లలాంటిది కదిలితే ఒడ్డున పారేయకండి, నీళ్ళలోకే వదలండి.