పేరు చెప్పి నడిచాము

కొన్ని జబ్బులకు మన ఇళ్లలో పేరు ఉండదు. "పిల్లవాడికి రక్తం తక్కువ" అని చెప్పి అక్కడితో మాట ముగిస్తాము. మా అక్క కొడుకు గురించి బంధువర్గమంతా ఇలాగే చెప్పుకునేది. ఏడేళ్ల ఆ బిడ్డకు ఉన్నది తలసేమియా. మూడు వారాలకొకసారి అక్క వాణ్ణి వెంటబెట్టుకుని పామిడిముక్కల నుండి బస్సులో విజయవాడ వెళ్తుంది. రక్తం ఎక్కించి సాయంత్రానికి తీసుకువస్తుంది. అలా ఎక్కించే రక్తం వల్ల శరీరంలో ఇనుము పేరుకుని గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాన్ని తొలగించే మందు కూడా క్రమం తప్పక వాడాలి.

మే 8 ప్రపంచ తలసేమియా దినం. ఆ రోజు ఉదయం విజయవాడ బందరు రోడ్డుపై అవగాహన నడక జరుగుతుందని, దాని రుసుము పిల్లల మందులకు వెళ్తుందని తెలిసి నేనూ తమ్ముడూ పేర్లు ఇచ్చాము. ఇంట్లో పెద్దలు కలవరపడ్డారు. అప్పుడే తమ్ముడికి గుడివాడ నుండి ఒక సంబంధం వచ్చి ఉంది.

"ఆ చొక్కా తొడుక్కుని నలుగురిలో తిరిగితే, మా వంశంలో రోగముందని మనమే చాటుకున్నట్లు కాదా?" అని పెద్దమ్మ అడిగింది.

"చాటకపోతే రోగం పోతుందా పెద్దమ్మా? రేపు ఆ అమ్మాయి కూడా అక్కలాగే ఆసుపత్రి వరండాలో కూర్చోవలసి వస్తే ఆమెకు ఏమని జవాబు చెబుతాము?" అన్నాడు తమ్ముడు.

ముందురోజు రాత్రే విజయవాడ చేరి బంధువుల ఇంట్లో ఉన్నాము. ఫజ్ర్ నమాజు ముగించుకుని బయలుదేరాము. చొక్కాలపై పెద్ద అక్షరాలతో జబ్బు పేరు ఉంది. నడుస్తూండగా పక్కనున్న ఒక తల్లి, "మీ ఇంట్లో ఎవరికమ్మా?" అని అడిగింది. "మా అక్క కొడుక్కి. తలసేమియా" అన్నాను. "మాకు ఇద్దరు పిల్లలకూ" అంది ఆమె. ఆ తరువాత మా మధ్య జాలిమాటలు సాగలేదు. ఏ మందు ఎక్కడ దొరుకుతుంది, ఏ రోజున వెళ్తే త్వరగా పని అవుతుంది అన్న సంగతులే మాట్లాడుకున్నాము. మూలకణ మార్పిడికి తోబుట్టువుల కణాలు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటని, అర్హులైన పిల్లలకు కోల్ ఇండియా సంస్థ 2017లో ప్రారంభించిన తలసేమియా బాల్ సేవా యోజన ద్వారా 10 లక్షల రూపాయల వరకు సాయం లభిస్తుందని ఆమె ద్వారానే తెలిసింది. పేరు దాచుకున్నంత కాలం ఇటువంటి సమాచారం మా గడప తొక్కలేదు.

నడక ముగిశాక తమ్ముడు వాహక పరీక్షకు రక్తం ఇచ్చాడు. వాహకులు ఆరోగ్యంగానే ఉంటారు. పరీక్ష చేయించుకుంటే తప్ప వారికి ఆ సంగతి తెలియదు. దంపతులలో ఒక్కరే వాహకులైతే బిడ్డకు తీవ్రమైన తలసేమియా రాదు. ఇద్దరూ వాహకులైతే మాత్రం ప్రతి గర్భంలోనూ ఆ ప్రమాదం 25 శాతం ఉంటుంది. దగ్గరి రక్తసంబంధీకుల మధ్య వివాహాలు జరిగినప్పుడు ఇద్దరూ వాహకులయ్యే అవకాశం పెరుగుతుంది. మేనరికం మన ధర్మంలో అనుమతమే కాని విధి కాదు. బయటి సంబంధమైనా పరీక్ష అవసరమే.

తమ్ముడు వాహకుడని తేలింది. ఆ కాగితం తీసుకుని తానే గుడివాడ వెళ్లి అమ్మాయి తండ్రి చేతికి ఇచ్చాడు. వారం రోజులు అటునుండి ఏ మాటా రాలేదు. పెద్దమ్మ మౌనంగా తస్బీహ్ తిప్పుతూ గడిపింది. ఎనిమిదవ రోజు ఆయన ఫోన్ చేసి, "మా అమ్మాయికి కూడా ఈ పరీక్ష చేయిస్తాను. ఎక్కడ చేస్తారు?" అని అడిగారు. ఫలితం ఇంకా రావలసి ఉంది. ఏది వచ్చినా, రెండు కుటుంబాలూ తెలిసే నిర్ణయం తీసుకుంటాయి.

పరీక్ష చేయించడం అల్లాహ్ నిర్ణయాన్ని శంకించడమేనని కొందరు అనుకుంటారు. ఒంటెను కట్టివేసి ఆపై దైవంపై నమ్మకం ఉంచమని నేర్పిన ప్రవక్త (స) అనుచరులం మనం. సౌదీ అరేబియాలో 2004 నుండి నికాహ్‌కు ముందు తలసేమియా, సికిల్ సెల్ పరీక్షలు తప్పనిసరి. ఫలితం తెలిశాక వివాహం చేసుకోవాలా వద్దా అన్నది ఆ ఇద్దరి ఇష్టానికే విడిచిపెడతారు. ఇరాన్ 1997లోనే వివాహానికి ముందు తలసేమియా పరీక్షను దేశమంతటా అమలులోకి తెచ్చింది.

మనకు అటువంటి చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. మహర్ ఎంత, వలీమా ఎక్కడ అని మాట్లాడుకునే పెద్దలు అదే కూర్చోవడంలో ఈ పరీక్ష మాట కూడా ఎత్తవచ్చు. మగపిల్లవాని తరఫువారు ముందుగా ఎత్తితే ఆడపిల్ల తల్లిదండ్రుల సంకోచం తొలగిపోతుంది. వేసవిలో కళాశాలలకు సెలవులు కావడంతో రక్తదాన శిబిరాలు తగ్గుతాయి. తలసేమియా పిల్లలకు మాత్రం సెలవు ఉండదు. ఆరోగ్యవంతులు ఆ నెలల్లో ఒక్కసారి రక్తం ఇచ్చినా, అక్కలాంటి తల్లి ఒకరు ఆ సాయంత్రం బస్సుకు నిశ్చింతగా ఇల్లు చేరుకుంటుంది, ఇన్షా అల్లాహ్.