దుర్గం చెరువు గుండ్లు – చందమామ గుంట

మాదాపూరులో దుర్గం చెరువు గట్టెక్కాను. హైటెక్ సిటీ మేడలకోసం పేల్చివేయగా మిగిలిన రాతిగుండ్లు యింకా అక్కడ వున్నాయి, అదీ అదృష్టమే! సుమారు 250 కోట్ల సంవత్సరాలనాడు భూగర్భంలో గట్టిపడిన రాయి అది. పైపొరలు ఎండకూ వానకూ అరిగిపోగా బయటపడింది.

చంద్రునిలో వాన ఏదీ? అక్కడ లోపలి రాయి పైకి రావాలంటే పెద్ద దెబ్బ తగలవలసిందే. దక్షిణధ్రువ-ఎయిట్కెన్ మహాబిలం అటువంటి దెబ్బకే పుట్టింది. వెడల్పు సుమారు 2,500 కిలోమీటర్లు; ఆకాశమార్గాన హైదరాబాదు నుంచి ఢిల్లీ పోయివచ్చినంత! శ్రీహరికోట నుంచి వెళ్ళి 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3, దాని అంచుకు సుమారు 350 కిలోమీటర్ల దూరాన మట్టిని పరీక్షిస్తే మెగ్నీషియం ఎక్కువగా కనిపించింది. చంద్రుడొకప్పుడు కరిగిన రాతిసముద్రమనీ, తేలికరాయి పైకి తేలగా బరువైనది అడుగున నిలిచిందనీ శాస్త్రజ్ఞుల వాదం. ఆ అడుగురాయే దెబ్బకు ఇంతదూరం ఎగిరిపడిందట.

2024లో చైనావారు ఆ బిలంలోని రాళ్ళనే తెచ్చి, దెబ్బ తగిలి 425 కోట్ల సంవత్సరాలైందని లెక్కకట్టారు. అప్పటికి మన మాదాపూరు గుండు పుట్టనేలేదు.