రాత్రిపూట ఎవరుంటారు?

జూన్ 9
తెనాలి వైపు నుంచి పక్షవాతంతో మా వార్డుకొచ్చిన పెద్దాయన కంచంలో కుడిపక్క అన్నమే తింటున్నారు. ఎడమపక్క దోసకాయ పప్పు అలాగే ఉండిపోయింది. "ఆయనకి దోసకాయంటే ప్రాణమండీ, ఎందుకో ముట్టట్లేదు" అని భార్య బెంగ. కంచం తిప్పి పెట్టాను, పప్పంతా ఊడ్చేశారు. మెదడులో కుడివైపు దెబ్బతింటే కొందరికి ఎడమపక్క లోకమే ఉండదు. చూపు బాగానే ఉంటుంది, ధ్యాసే అటు పోదు. నడక వచ్చాక కూడా ఎడమ భుజం తలుపుకి కొట్టుకుంటారు. పడిపోయిన చెయ్యి కన్నా నాకు దీంతోనే భయం.

జూన్ 11
పక్షవాతం వచ్చినవాళ్ల బంధువులు అడిగేది ఒకటే: "చెయ్యి ఎప్పటికి లేస్తుంది?" బాత్రూం సంగతి ఎవరూ ఎత్తరు. రోగి రోజువారీ పనులకి మేం మార్కులు వేసే బార్తెల్ స్కేలులో (1965 నాటిది) చేతికి విడిగా మార్కుల్లేవు. 100లో 30 మలమూత్రాల అదుపుకీ, టాయిలెట్ వాడకానికీ. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి 15. దాన్ని తయారుచేసిన మహోనీ, బార్తెల్ ఇద్దరూ ఆడవాళ్లే. అందుకే తట్టిందేమో!

జూన్ 14
పెద్దాయన వాళ్లతో మాటలు. పెద్దకొడుకుది హైదరాబాద్‌లో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. చిన్నకొడుకు డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో "బెస్ట్ ఫిజియోని పెట్టండి" అంటాడు. కోడలు గోడకి ఆనుకుని నిలబడింది. చాకిరీ ఎవరిమీద పడుతుందో తెలిసిన మనిషి ఆవిడొక్కతే, ఆవిణ్ని ఎవరూ అడగలేదు. చివరికి పెద్దావిడ తేల్చేసింది: "మా ఊరికే తీసుకుపోతా. ఇల్లుంది, నేనున్నా." ఆవిడకి మోకాళ్ల నొప్పులు. వీల్‌చైర్ 25 అంగుళాలు, వాళ్ల బాత్రూం తలుపు 24.

జూన్ 17
పక్క వార్డు మామ్మగారు చేతికర్రతో తనంతట తనే బాత్రూంకి వెళ్లొస్తోంది. మార్కులు పెద్దాయనకి 45, ఈవిడకి 75. కానీ భర్త పోయాడు, ఊళ్లో ఇంటికి తాళం. పిల్లలు "కొన్నాళ్లు" అంటూ వృద్ధాశ్రమం చూస్తున్నారు. భార్య ఉన్న మగవాడు మంచంలో ఉన్నా ఇంటికెళ్తాడు. భర్త పోయిన ఆడది నడిచినా వెళ్లలేదు. ఈ గడి మా ఫారంలో లేదు.

జూన్ 20
మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1250 మంది పక్షవాతం రోగులతో చేసిన 'అటెండ్' అధ్యయనం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఇంట్లోవాళ్లకి తర్ఫీదిచ్చి వాళ్లచేతే వ్యాయామాలు చేయించారు. ఆరు నెలలకి చూస్తే మామూలు వైద్యానికీ దీనికీ తేడా లేదు. ఇంట్లోవాళ్లున్నారుగా అని మేం చేతులు దులుపుకోవడానికి లేదన్నమాట. అయినా నేర్పుతాను, ఎత్తే మనిషి నడుం విరక్కుండా.

జూన్ 23
పెద్దావిడకి నేర్పాను: ఆయన నడుముకి తువ్వాలు బిగించి, మోకాలికి మోకాలు అడ్డుపెట్టి, "ముందుకి వంగండి" అన్నాకే లేపాలి. చంకల్లో చేతులు పెట్టి లాగొద్దు, భుజం జారిపోతుంది. మూడోసారికి కుదిరింది. చిన్నకొడుకు మోటారు మంచం కొంటానని ఫోన్ చేశాడు. ముందు రాత్రిపూటకి మనిషిని పెట్టమన్నాను.